తెరమీది బాస్కెట్‌బాల్ నిజమైన ఆటను పోలుట ఎట్లు?

బాస్కెట్‌బాల్ ఆటను 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున కనిపెట్టెను. వ్యాయామశాలలో నేలనుండి 10 అడుగుల ఎత్తున ఈ ప్రక్క నొకటి, ఆ ప్రక్క నొకటి పండ్ల బుట్టలను కట్టి, వానిలో బంతిని వేయుటయే ఆటగా ఏర్పరచెను. నాటి బుట్ట నేడు ఇనుప వలయముగా మారినది గాని, ఎత్తు మాత్రము ఆ 10 అడుగులే.

ఈ ఆటకు తరువాతి కాలమున ఇంకొక రూపము ఏర్పడినది. ఇందులో బంతి లేదు, మైదానము లేదు. తెర యెదుట కూర్చుండి, చేతిలోని చిన్న పరికరముపై బొత్తాములు నొక్కుచు, తెరమీది ఆటగాండ్రను నడపుటయే ఆట. 1999లో మొదలైన ‘ఎన్‌బిఎ 2కె’ అను వీడియో ఆటల వరుస వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. అమెరికాలో వృత్తిక్రీడాకారుల జట్లు పోటీపడు ఎన్‌బిఎ అను లీగును అది అనుకరించును. అందలి జట్లు, ఆటగాండ్రు, నియమములు అన్నియు తెరమీదికి దిగివచ్చును.

రూపము ఎంత చక్కగా దిగినను, ఆడి చూచినవారికి ఒక చిక్కు ఎదురగును. నిజమైన ఆటలో ఒక జట్టు 110 పాయింట్లు చేయుచుండగా, తెరమీద ఒకప్పుడు 55 పాయింట్లతోనే ఆట ముగియును. వేరొకప్పుడు స్కోరు 200 దాటును. పేరుమోసిన ఆటగాడు ఆటంతయు ఆడినను అలసిపోడు. ఫౌళ్లు దాదాపు ఉండవు. ఇట్టి లోపములను సవరించుకొనుటకు తయారుచేసినవారే ఒక సాధనమును ఇచ్చియున్నారు. దానిని స్లైడరు అందురు. తెరమీద ఒక గీత, దానిపై ఇటునటు జరుపదగిన ఒక గుబ్బ ఉండును. ఒక్కొక్క గీత ఆటలోని ఒక్కొక్క అంశమునకు సంబంధించినది. దగ్గరనుండి వేసిన షాటు పడుట, దూరపు షాటు పడుట, ఆటగాండ్ర వేగము, అలసట, ఫౌళ్లు మొదలైన వానికి వేరువేరు స్లైడర్లు కలవు. సాధారణముగా వాని విలువ 0 నుండి 100 వరకు మారును.

గుబ్బను జరుపుట తేలిక. ఏ గుబ్బను, ఎంత, ఎప్పుడు జరుపవలెను అనుటయే కష్టము. ఆలోచించి చూచినచో ఇది వినోదమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ప్రకృతిని లెక్కలలో అనుకరింపజూచు ప్రతి శాస్త్రజ్ఞునికి ఎదురగు ప్రశ్నయే ఇది.

షాటు పడుటకు మూలము

తెరమీది బంతి గాలిలో వంపు తిరిగి పోవుట చూచినపుడు, అది నిజమైన బంతివలెనే భూమ్యాకర్షణకు లోబడి పోవుచున్నదని తోచును. కాని షాటు పడుట, పడకపోవుట ప్రధానముగా సంభావ్యత మీద ఆధారపడును. ఒక కుండలో 100 పూసలు ఉన్నవనుకొందము. వానిలో 37 తెల్లవి, 63 నల్లవి. కన్నులు మూసుకొని ఒక పూసను తీసినపుడు తెల్లది వచ్చినచో షాటు పడినట్లు, నల్లది వచ్చినచో తప్పినట్లు. కంప్యూటరు చేయు పని స్థూలముగా ఇట్టిదే.

ఏ షాటుకు ఎన్ని తెల్లపూసలు వేయవలెనో కార్యక్రమము నిర్ణయించును. ఆటగాని నైపుణ్యము, బుట్టకు గల దూరము, ఎదుటి జట్టువాడు ఎంత దగ్గరగా అడ్డుపడెను, ఆటగాడు ఎంత అలసియున్నాడు, ఆడువాడు బొత్తామును సరియైన క్షణమున విడిచెనా లేదా అనునవి అందులో చేరును. స్లైడరును జరుపుట యనగా కుండలో తెల్లపూసలను కలుపుట, లేదా తీసివేయుట.

ఇచ్చట ఒక మెలకువ అవసరము. ఒక స్లైడరును 50 నుండి 55కు జరిపినచో షాట్లు నూటికి 5 చొప్పున ఎక్కువగా పడునని అనుకొనరాదు. స్లైడరుపై అంకెలు శాతములు కావు, మరి ఏ కొలతయు కావు. లోపలి సూత్రము తయారుచేసినవారికే తెలియును. అందుచేత ప్రయోగము చేసియే దాని స్వభావమును కనుగొనవలెను. ఉదాహరణకు, స్లైడరు 40 వద్ద ఉన్నపుడు పెక్కు ఆటలమీద దూరపు షాట్లు నూటికి 31 పడినవనియు, 60 వద్ద 39 పడినవనియు అనుకొందము. కావలసినది 36.6. అనగా 31 పైన 5.6 ఎక్కువ. 20 మెట్లకు 8 శాతము పెరిగినది గనుక 5.6 శాతమునకు 14 మెట్లు. స్లైడరును 54 వద్ద ఉంచవలెను. గ్రాఫు కాగితముమీద రెండు చుక్కలు పెట్టి గీత గీయగల ఏ విద్యార్థియైనను దీనిని చేయగలడు. ఆ గీత నిజముగా సరళరేఖయేనా అని 54 వద్ద మరల ఆడి పరీక్షించుట మాత్రము మరువరాదు.

సగమగునవి, సగము కానివి

ఎన్‌బిఎ ఆట 48 నిమిషములు జరుగును. అది 12 నిమిషముల చొప్పున నాలుగు క్వార్టర్లు. ఇంటివద్ద ఆడువారికి అంత తీరిక ఉండదు గనుక క్వార్టరును 6 నిమిషములకు తగ్గించుకొందురు. ఈ ఒక్క మార్పు తక్కిన వానినన్నిటిని తారుమారు చేయును.

దీనిని వంటయింటి ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. పదిమందికి పెట్టు పులుసును ఐదుగురికి పెట్టునపుడు చింతపండు, ఉప్పు, నీరు సగము చేయుదుము. కాని పులుపు సగము కారాదు. నీరు మరుగు వేడిమియు సగము కాదు. పరిమాణమునుబట్టి మారునవి కొన్ని, మారనివి కొన్ని. బాస్కెట్‌బాల్‌లోను అంతే.

2023-24 క్రీడాసంవత్సరమున ఎన్‌బిఎలో ఒక జట్టు ఆటకు సగటున సుమారు 89 షాట్లు వేసినది. వానిలో 35 మూడు పాయింట్ల గీతకు వెలుపలినుండి వేసినవి. ఫ్రీత్రోలు సుమారు 22. అన్నియు కలిసి సుమారు 114 పాయింట్లు. ఇవన్నియు లెక్కలు. కాలము సగమైనచో ఇవియు సగమగును. కనుక 24 నిమిషముల ఆటలో 57 పాయింట్లు వచ్చినచో అది లోపము కాదు, సరియైన ఫలితమే.

అదే సంవత్సరమున మొత్తము షాట్లలో నూటికి సుమారు 47, మూడు పాయింట్ల షాట్లలో 36.6, ఫ్రీత్రోలలో సుమారు 78 పడినవి. ఇవి నిష్పత్తులు. ఆట చిన్నదైనను పెద్దదైనను ఇవి మారరాదు. స్కోరు తక్కువగా ఉన్నదని చింతించి, 24 నిమిషములలోనే 114 రప్పింపవలెనని షాట్ల స్లైడర్లను పైకి త్రోసినవాడు సగము పులుసులో మొత్తము ఉప్పు వేసినవాడగును.

మూడవ రకము హద్దులు. ఇవి నియమములలో ఉన్నవి. ఎన్‌బిఎలో ఒక ఆటగాడు 6 ఫౌళ్లు చేసినచో ఆటనుండి తొలగవలెను. ఒక క్వార్టరులో ఒక జట్టు సాధారణ ఫౌళ్లు 4 దాటినచో, ఐదవదానినుండి ఎదుటి జట్టుకు ఫ్రీత్రోలు లభించును. నిజమైన ఆటలో జట్టుకు సగటున 19 ఫౌళ్లు, అనగా క్వార్టరుకు ఇంచుమించు 5. హద్దు సరిగా అచ్చటనే ఉన్నది. అందుచేతనే క్వార్టరు చివర ప్రతి ఫౌలు విలువగలది అగును, రక్షణ చేయువాడు వెనుదీయును, శిక్షకుడు ఆటగాండ్రను మార్చును. క్వార్టరును 6 నిమిషములకు తగ్గించినచో ఫౌళ్లు రెండు మూడు మాత్రమే జరుగును. కాని హద్దు తగ్గలేదు. దానిని చేరువారే ఉండరు. ఆటలోని ఒక భయము, దానితోపాటు ఒక వ్యూహము మాయమగును. ఫౌళ్ల స్లైడరును పెంచవలసి వచ్చుటకు కారణమిదే.

అలసటయు ఇట్టిదే. ముఖ్యుడగు ఆటగాడు 48 నిమిషములలో ఇంచుమించు 36 నిమిషములు, అనగా ముప్పాతిక భాగము ఆడును. మిగిలిన కాలము విశ్రాంతి. ఆట 24 నిమిషములైనపుడు అతడు 18 నిమిషములు ఆడవలెను. ఇందుకై అలసట రెండింతల వేగముతో చేరవలెను, విశ్రాంతివలన అది రెండింతల వేగముతో తీరవలెను. లేనిచో బల్లమీద కూర్చున్న తక్కిన ఆటగాండ్రకు పనియే ఉండదు.

24 సెకండ్ల గడియారము

నిజమైన ఆటయు ఒకప్పుడు ఇట్టి సవరణకు లోనైనదే. 1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ జట్టు మినియాపొలిస్ జట్టును 19-18 పాయింట్లతో ఓడించెను. ఆధిక్యము దొరికిన జట్టు షాటు వేయక బంతిని తనవద్దనే ఉంచుకొనుటకు ఆనాడు అడ్డు లేకుండెను. ప్రేక్షకులు విసిగిరి. సిరాక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్, అదే జట్టు నిర్వాహకుడు లియో ఫెర్రిస్ దీనికి ఒక ఉపాయము చెప్పిరి. చూడ సొంపైన ఆటలలో రెండు జట్లును కలిసి సుమారు 120 షాట్లు వేయుచుండెను. 48 నిమిషములకు 2880 సెకండ్లు. దానిని 120తో భాగించినచో 24. కనుక బంతి చేజిక్కిన జట్టు 24 సెకండ్లలో షాటు వేయవలెనని నియమము. 1954-55లో ఇది అమలునకు వచ్చినది. అంతకుముందు సంవత్సరము జట్టుకు సగటున 79.5గా ఉన్న స్కోరు ఆ సంవత్సరమున 93.1కి పెరిగినది.

ఈ లెక్కయే తెరమీది ఆటకును పనికివచ్చును. ఒక జట్టు చేతికి బంతి వచ్చినది మొదలు అది చేజారువరకు గల కాలమును పొసెషన్ అందురు. దీనిని ‘వంతు’ అనుకొందము. నేటి ఎన్‌బిఎ ఆటలో ఒక్కొక్క జట్టుకు సుమారు 100 వంతులు, రెండు జట్లకును కలిసి 200. 2880ని 200తో భాగించినచో వంతుకు 14.4 సెకండ్లు. తెరయెదుట ఆడువాడు తొందరపడి వంతుకు 8 సెకండ్లు మాత్రమే తీసికొనుచు, ఎదుటి జట్టును అట్లే ఆడునట్లు చేసినచో మొత్తము 360 వంతులగును. ఒక్కొక్క జట్టుకు 180. వంతుకు 1.14 పాయింట్ల చొప్పున స్కోరు 205. షాట్ల శాతము సరిగానే ఉన్నది, నియమములు సరిగానే ఉన్నవి. అయినను స్కోరు 200 దాటినది. ఇచ్చట తప్పు షాట్ల స్లైడరులో లేదు, కాలములో ఉన్నది.

కార్యమును కాక కారణమును సవరించుట

రీబౌండు అనగా బుట్టలో పడక తిరిగివచ్చిన బంతిని అందుకొనుట. నిజమైన ఆటలో ఒక జట్టుకు ఇవి సగటున 43 పైచిలుకు. తెరమీది ఆటలో 36 మాత్రమే వచ్చినవనుకొందము. వెంటనే రీబౌండ్ల స్లైడరును పెంచవలెనని తోచును. అది పొరపాటు. రీబౌండులకు మూలము తప్పిన షాట్లు. జట్టు 89 షాట్లు వేసి నూటికి 47 చొప్పున వేయగలిగినచో ఇంచుమించు 47 షాట్లు తప్పును. నూటికి 55 పడినచో తప్పునవి 40 మాత్రమే. అనగా అందుకొనుటకు బంతులే తగ్గినవి. రీబౌండ్ల స్లైడరు తప్పిన బంతి ఎవరి చేతికి పోవలెనో మార్చగలదే గాని, తప్పని షాటును తప్పింపజాలదు. షాట్ల శాతమును సరిచేసినచో రీబౌండులు తమంతట తామే చక్కబడును.

కనుక సవరణకు ఒక వరుస ఉన్నది. కాలువ ఎగువను సరిచేయక దిగువను త్రవ్వినందున ప్రయోజనము లేదు. మొదట ఆటయొక్క కష్టస్థాయిని, క్వార్టరు కాలమును నిర్ణయించి ఇక మార్చరాదు. తరువాత వంతుల సంఖ్య, అనగా ఆటవేగము. తరువాత షాట్లు ఎచ్చటినుండి వేయుచున్నారను సంగతి. ఆ పిమ్మట ఒక్కొక్క చోటినుండి ఎన్ని పడుచున్నవి. చివరకు ఫౌళ్లు, రీబౌండులు, అలసట. ఒక్కొక్కసారి ఒక్క స్లైడరునే కదల్పవలెను. ఒకేసారి మూడింటిని కదల్చినచో ఫలితము దేనివలన కలిగినదో బ్రహ్మకును తెలియదు.

సామర్థ్యము వేరు, మొగ్గు వేరు

ఒకడు షాటు ఎంత బాగుగా వేయగలడు అనుట సామర్థ్యము. ఎంత తరచుగా వేయును అనుట మొగ్గు. తెరమీది ఆటలో ఈ రెండింటికి వేరువేరు స్లైడర్లు ఉన్నవి. నిజమైన మనుష్యులలో ఇవి ఒకదాని నొకటి లాగుచుండును. దీనికి ఎన్‌బిఎయే ఒక సాక్ష్యము. 1979-80లో ఆ లీగు మూడు పాయింట్ల గీతను ప్రవేశపెట్టినది. అది బుట్టకు 23 అడుగుల 9 అంగుళముల దూరమున, మూలలలో 22 అడుగుల దూరమున ఉండెను. 1994-95లో ఆ గీతను అంతట 22 అడుగులకు దగ్గరగా జరిపిరి. నూటికి 33.3 పడుచుండిన షాట్లు 35.9 పడసాగినవి. పెరిగినది ఇంతే. కాని జట్టు ఆటకు వేయు మూడు పాయింట్ల షాట్లు 9.9 నుండి 15.3కు ఎగసినవి. షాటు కొంచెము సులువైనదని తెలియగానే అందరును అటే మొగ్గిరి. 1997-98లో గీతను వెనుకటి చోటికే జరిపిరి.

తెరమీద మూడు పాయింట్ల షాటు సామర్థ్యమును పెంచినంతమాత్రమున కంప్యూటరు నడపు జట్టు అట్లు ఆశపడదు. దాని మొగ్గు విడిగా వ్రాయబడియున్నది. దానిని విడిగానే సవరింపవలెను. ఏ సంవత్సరపు ఆటను అనుకరించుచున్నామో కూడ ముందుగానే నిర్ణయించుకొనవలెను. గీత పుట్టిన 1979-80లో జట్టు ఆటకు 3 కంటె తక్కువగా ఆ షాట్లు వేసినది. 2023-24లో 35 వేసినది. 2022లో వెలువడిన కూర్పులో 1980లనాటి ఆటను, 1990లనాటి ఆటను ఆడు ఏర్పాటు కూడ వచ్చినది. ఒక కాలమునకు సరిపడు అమరిక వేరొక కాలమునకు శుద్ధ తప్పు.

ఒక్క ఆటను చూచి తీర్పు చెప్పరాదు

సవరించువారు చేయు అతిపెద్ద పొరపాటు తొందరపాటు. ఒక ఆటలో మూడు పాయింట్ల షాట్లు నూటికి 28 మాత్రమే పడినవి. వెంటనే స్లైడరు పెంచిరి. మరుసటి ఆటలో 45 పడినవి. వెంటనే తగ్గించిరి. ఇట్లు ఊయలవలె ఊగుటయే గాని స్థిమితపడుట లేదు.

మరల పూసల కుండను తలచుకొందము. అందులో 100కు 36.6 చొప్పున తెల్లపూసలు సరిగానే ఉన్నవి. 35 సార్లు పూస తీసి, తీసిన ప్రతిసారి తిరిగి వేసినచో సగటున 13 తెల్లవి రావలెను. కాని ప్రతిసారి 13 రావు. ఒకప్పుడు 10, ఒకప్పుడు 16 వచ్చును. ఈ తారతమ్యమునకు గణితశాస్త్రమున ఒక కొలత ఉన్నది. దానిని ప్రామాణిక విచలనము అందురు. పడు పాలును 0.366గాను, తప్పు పాలును 0.634గాను తీసికొని, రెంటిని హెచ్చవేసి, షాట్ల సంఖ్య 35తో భాగించి, వర్గమూలము కట్టినచో 0.08 వచ్చును. అనగా నూటికి 8. కుండ ఏ మాత్రము మారకున్నను, మూడు ఆటలలో రెండింట ఫలితము 28కిని 45కిని నడుమ ఎచ్చటనైన ఉండవచ్చును. మూడవ ఆటలో ఆ హద్దును కూడ దాటవచ్చును.

ఆటను సగము కాలమే ఆడినచో షాట్లు 17 లేక 18. విచలనము 11కు పైబడును. కాబట్టి చిన్న ఆటలు ఆడువాడు ఇంకను ఎక్కువ ఓపిక పట్టవలెను. 25 పూర్తి ఆటల లెక్కను కలిపినచో షాట్లు 875 అగును, విచలనము 1.6కు దిగును. 100 ఆటలకు 0.8. తప్పును సగము చేయుటకు ఆటలను నాలుగింతలు చేయవలెనని దీనివలన తేలుచున్నది. గుబ్బమీద చేయి వేయుటకు ముందు పుస్తకములో పది పదిహేను ఆటల లెక్కయైనను వ్రాసియుండవలెను. వెలువడిన తరువాత కూడ తయారీదారులు ఈ ఆటలలో మార్పులు చేయుచుందురు గనుక, లెక్కప్రక్కన తేదీని, కూర్పు సంఖ్యను వ్రాసికొనుట మంచిది. మార్పు వచ్చిన తరువాతి ఆటలను పాత లెక్కలో కలుపరాదు.

మొత్తము సరిపోయినంత మాత్రమున చాలదు

100 వంతులు, వంతుకు 1.14 పాయింట్లు అయినచో 114. 120 వంతులు, వంతుకు 0.95 అయినను 114. 90 వంతులు, వంతుకు 1.27 అయినను ఇంచుమించు 114. స్కోరు పలకమీద మూడును ఒకటే. మైదానములో మూడును మూడు వేరు ఆటలు. ఒకదానిలో పరుగెక్కువ, గురి తక్కువ. ఇంకొకదానిలో నడక నెమ్మది, గురి మితిమీరినది.

త్రాసు ఒక ప్రక్కకు వాలియున్నదని ఎరిగిన వర్తకుడు త్రాసును బాగుచేయక, ఆ వాలుకు తగినట్లు రాతిని అరగదీసినచో ఒక్క బరువునకు తూకము సరిగా కనబడును. వేరొక బరువును తూచగానే గుట్టు బయటపడును. రెండు తప్పులు ఒకదానినొకటి కప్పిపుచ్చుకొన్న అమరిక ఇట్టిదే. స్లైడర్ల సంఖ్య పెరుగుకొలది ఇట్టి మోసమునకు అవకాశము పెరుగును. అందుచేత చివరి స్కోరును మాత్రమే చూడక, వంతులు, షాట్ల స్థానములు, శాతములు, ఫౌళ్లు ఒక్కొక్కటిగా సరిచూడవలెను.

ఆడువాడును లెక్కలోనివాడే

ఈ ప్రయోగములో మిక్కిలి చంచలమైన భాగము స్లైడరు కాదు, బొత్తాములు నొక్కు మనుష్యుడు. అతడు నెలదినములలో నేర్పు పెంచుకొనును. నిన్న సరిపోయిన అమరిక నేడు సరిపోదు. ఈ చిక్కును విడదీయుటకు ఒక మార్గము కలదు. రెండు జట్లను కంప్యూటరుకే అప్పగించి, ప్రక్కన కూర్చుండి చూడవచ్చును. అప్పుడు లెక్కలలో మనుష్యుని చేయి ఉండదు. ఆ విధముగా కంప్యూటరుకు సంబంధించిన స్లైడర్లను ముందు స్థిరపరచి, ఆడువానికి సంబంధించిన వానిని పిమ్మట సవరింపవచ్చును. ఈ రెంటికి వేరువేరు వరుసలు ఉండుట ఇందుకు అనుకూలము.

ఇచ్చటనే ఒక ప్రలోభము కూడ పొంచియున్నది. ఓడిన ప్రతిసారి ‘ఇది సహజముగా లేదు’ అని తోచును. గెలిచినపుడు అట్లు తోచదు. ఓడినపుడు మాత్రమే స్లైడరు సవరించువాడు కొలదికాలములోనే ఓటమి యెరుగని ఆటను సృష్టించుకొనును. నిజమైన లీగులో క్రీడాసంవత్సరమునకు 82 ఆటలు. 2015-16లో గోల్డెన్ స్టేట్ జట్టు 73 గెలిచి చరిత్రలోకెల్ల మేటి ఫలితము పొందినది. ఆ జట్టును 9 ఆటలు ఓడినది. 1972-73లో 73 ఆటలు ఓడిన ఫిలడెల్ఫియా జట్టును 9 ఆటలు గెలిచినది. ఇంతటి ఆధిక్యములోను ఓటమికి, ఇంతటి దైన్యములోను గెలుపునకు చోటున్నది. సాధారణమైన జట్టును నడపుచు 82కు 80 గెలుచువాడు స్కోరు ఎంత సరిపోయినను వాస్తవమునకు దూరముగనే ఉన్నాడు.

స్లైడర్లు తీర్చలేని లోపములును కొన్ని ఉన్నవి. ప్రతి వంతులోను ఒకే ప్రసిద్ధ ఆటగానికి బంతి నిచ్చుట, అలసినవానిని బయటకు పిలువకుండుట, 6 సెకండ్లకే షాటు వేయుట ఆడువాని అలవాట్లు. వీనిని అతడే మానుకొనవలెను.

కడపటి పరీక్ష

అమరిక పూర్తియైనదని తోచిన తరువాత ఒక పరీక్ష మిగిలియుండును. సవరించునపుడు చూడని లెక్కలను ఇప్పుడు చూడవలెను. షాట్లను, ఫౌళ్లను చూచి సవరించినచో, ఇప్పుడు ముఖ్యుడగు ఆటగాడు ఎన్ని నిమిషములు ఆడుచున్నాడు, ఎన్ని ఆటలు నాలుగైదు పాయింట్ల తేడాతో ముగియుచున్నవి, బలహీనమైన జట్టు ఎంత తరచుగా గెలుచుచున్నది అనునవి పరిశీలింపవలెను. సవరణకు వాడిన అంకెలు సరిపోవుటలో వింత లేదు. వానికొరకే గదా సవరించినది. వాడని అంకెలును సరిపోయినచో, నమూనా వాస్తవము యొక్క స్వభావమును కొంతైనను పట్టినదని చెప్పవచ్చును. వానను, వరదను, వ్యాధుల వ్యాప్తిని లెక్కలతో అనుకరించువారు కూడ తమ నమూనాలను ఇట్లే పరీక్షింతురు. కొన్ని సంవత్సరముల వివరములతో నమూనాను సరిదిద్ది, దానికి చూపని సంవత్సరములతో సరిచూతురు.

వాస్తవికత యనగా ప్రతి ఆటయు సగటువలె ఉండుట కాదు. మంచి గురిగలవాడు ఒకనాడు వరుసగా ఏడు షాట్లు తప్పవచ్చును. ఎవరును ఎరుగని ఆటగాడు ఒకనాడు మెరయవచ్చును. అట్టి దినములను దోషములుగా నెంచి తుడిచివేసినచో ఆట నిర్జీవమగును. అట్టివి ఎంత అరుదుగా జరుగవలెనో అంత అరుదుగా జరుగునట్లు చేయుటయే సవరణ. దానికి స్లైడరు కంటె ముందు కావలసినవి ఒక నోటుపుస్తకము, కొంత అంకగణితము, ఓటమిని కూడ లెక్కలో వ్రాసికొను ఓపిక.